విలువలున్న టెక్నాలజీ వైపు వెళ్లాలంటే ఏ చదువు? కంప్యూటర్ సైన్స్, లిబరల్ ఆర్ట్స్, రెండూ కలిపిన డిగ్రీ: ఒక పోలిక

ఏ కంప్యూటర్ సైన్స్ సిలబస్ చేతికొచ్చినా నేను వెనక పేజీల నుంచి తిరగేస్తాను. నైతికత, సమాజం, మానవ విలువలు అన్న మాటలు ఎక్కడైనా కనిపిస్తాయా అని. తరచుగా అవి ఆఖరి సెమిస్టర్‌లోనో, ఏదో ఒక పేపర్ ఆఖరి యూనిట్‌లోనో ఉంటాయి. పాఠాలు వెనకబడిన ఏడాది ముందుగా ఎగిరిపోయేది ఆ యూనిట్టే. నా డిగ్రీలోనూ అదే జరిగింది. పరీక్ష ముందురోజు రాత్రి నాలుగు నిర్వచనాలు బట్టీపట్టి రాశాను, మార్కులూ వచ్చాయి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, చందా రద్దు చేసుకునే పేజీ ఒకటి నా చేతికి వచ్చింది. ‘కొనసాగించండి’ అన్న బటన్ పెద్దగా, నిండు రంగులో ఉండాలి. ‘రద్దు’ అన్నది బూడిదరంగు చిన్న అక్షరాల్లో, అదీ నాలుగు స్క్రీన్లు దాటాక రావాలి. చెప్పినట్టే చేశాను. మనసు ఒప్పలేదు గానీ, ఎందుకు ఒప్పలేదో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. మీటింగులో ‘ఇది బాగోలేదండీ’ అన్నాను. ‘రద్దులు తగ్గాయి కదా’ అన్నారు. అక్కడితో మాట ఆగిపోయింది. ఇలాంటి డిజైన్లకు హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లోనే ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడని తర్వాత తెలిసింది. కానీ ఆ రోజు నాకు కావలసింది పేరొక్కటే కాదు. ఒప్పించడానికీ ఏమార్చడానికీ మధ్య గీత ఎక్కడుంది? మనిషి ‘సరే’ నొక్కినంత మాత్రాన అది సమ్మతి అవుతుందా? వీటి మీద తత్వశాస్త్రంలో శతాబ్దాల చర్చ ఉంది. అందులో పది పేజీలు చదివి ఉన్నా ఆ మీటింగులో ఇంకో నాలుగు వాక్యాలు మాట్లాడగలిగేవాణ్ణి.

ఇప్పుడు కాలేజీ ఎంచుకుంటున్న పిల్లల కోసం, వాళ్ల ఫీజు కట్టబోయే పెద్దల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్సు పేరు చూసి ఎంచుకోకండి. కోడ్ రాసే గదిలోనే ‘ఇది ఎవరికి మేలు, ఎవరికి కీడు’ అన్న ప్రశ్న వస్తుందా, వస్తే దానికి మార్కులుంటాయా అన్నది చూసి ఎంచుకోండి. కింద పోల్చిన ఐదు దారులనూ ఆ కొలతతోనే కొలిచాను.

లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలు గీయడం కాదు

‘ఆర్ట్స్’ అన్న మాట వినగానే చాలామంది ఇదేదో లెక్కలకు భయపడేవాళ్లు చేరే కోర్సు అనుకుంటారు. మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాల్లో ఆ పేరుతో చెప్పిన విద్యలు ఏడు: వ్యాకరణం, తర్కం, వాగ్ధాటి, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. సంగీతాన్ని కూడా అప్పట్లో నిష్పత్తుల శాస్త్రంగానే చెప్పేవారు. అంటే ఏడింట్లో నాలుగు లెక్కలతో ముడిపడ్డవే. సైన్సు వాళ్లు ఒకవైపు, సాహిత్యం వాళ్లు ఒకవైపు కూర్చుని ఒకరి మాట ఒకరికి అర్థం కాని స్థితి వచ్చిందని సి.పి. స్నో కేంబ్రిడ్జిలో బాధపడింది 1959లో. ఈ గోడ మనం అనుకున్నంత పాతది కాదు.

కంప్యూటర్ పుట్టుకలోనే రెండూ కలిసి ఉన్నాయి. క్లాడ్ షానన్ అనే ఇంజనీరు మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు, తత్వశాస్త్రం వాళ్లు చెప్పే తర్కం క్లాసులో జార్జ్ బూల్ బీజగణితం, అంటే నిజం, అబద్ధం అన్న రెండే విలువలతో చేసే లెక్క, నేర్చుకున్నాడు. 1937లో రాసిన మాస్టర్స్ థీసిస్‌లో దాన్నే తీసుకొచ్చి స్విచ్చుల సర్క్యూట్లకు అన్వయించాడు. ఈ రోజు ప్రతి చిప్పూ ఆ పునాది మీదే నడుస్తోంది. ‘యంత్రాలు ఆలోచించగలవా’ అంటూ గణితవేత్త అలన్ ట్యూరింగ్ రాసిన వ్యాసం 1950లో వచ్చిందీ ‘మైండ్’ అనే తత్వశాస్త్ర పత్రికలోనే.

ఒక ప్రమాదాన్ని ఎన్ని కళ్లతో చూడాలి

దారుల్లోకి వెళ్లేముందు ఒక సంఘటన చెప్పాలి. ఏ చదువు ఏం చూపిస్తుందో దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు ఇవ్వాల్సిన దానికన్నా విపరీతమైన మోతాదు ఇచ్చింది. వాళ్లలో కొందరు చనిపోయారు. 1986లో ఒకరోజు ఆపరేటర్ ఎలక్ట్రాన్ చికిత్సకు ‘ఈ’ కొట్టాల్సిన చోట పొరపాటున ‘ఎక్స్’ కొట్టింది, అంటే ఎక్స్-రే. వెంటనే చూసుకుంది, కర్సర్ పైకి జరిపి సరిచేసింది. చేయి తిరిగిన మనిషి కాబట్టి అంతా కొద్ది సెకన్లలో అయిపోయింది. యంత్రం సర్దుకునే ఆ 8 సెకన్లలోపు సవరణ జరిగితే, అది సాఫ్ట్‌వేర్‌లో అందాల్సిన చోటికి అందదు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది. ఆ అంకెకు అర్థమేమిటో ఆమెకు తెలిపేది ఏదీ లేదు. ఇలా ఆగడం ఆ యంత్రానికి మామూలే కాబట్టి ‘పీ’ నొక్కి కొనసాగించింది. లోపల రోగికి అప్పటికే ఒకసారి ఆ విపరీతమైన మోతాదు తగిలింది, ఇప్పుడు రెండోసారి తగిలింది. గదిలో కెమెరా, ఇంటర్‌కమ్ రెండూ ఆ రోజు పనిచేయడం లేదు.

కోడ్ చదివినవాళ్లు ఇందులో ‘రేస్ కండిషన్’ను, అంటే రెండు పనుల్లో ఏది ముందు అయిందన్న దాన్నిబట్టి ఫలితం మారిపోయే లోపాన్ని, పట్టుకుంటారు. పాత మోడల్లో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారనీ చెబుతారు. అది లేకుండా ఏ చర్చా ముందుకు పోదు. మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు ‘పీ’ మీట దగ్గర ఆగుతారు. అర్థం కాని హెచ్చరిక పదే పదే వస్తుంటే చేయి ఆలోచించకుండానే నొక్కడం నేర్చుకుంటుంది. చరిత్ర, తత్వశాస్త్రం చదివినవాళ్లు ఇంకో మాట అడుగుతారు. ఒళ్లు కాలింది అని రోగి చెబుతుంటే, అలా జరిగే అవకాశమే లేదని తయారీదారు ఎలా అనగలిగాడు? ఎవరి మాట సాక్ష్యంగా నిలుస్తుంది, ఎవరి మాట నిలవదు? ఈ మూడు చూపుల్లో ఏది లేకపోయినా తర్వాతి రోగి ప్రాణానికి ముప్పే.

మొదటి దారి: పూర్తి కంప్యూటర్ సైన్స్, పక్కన ఒక నైతికత పేపర్

ఎక్కువమంది వెళ్లే దారి ఇదే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. లోతైన సాంకేతిక జ్ఞానం లేని విలువలు ఫిర్యాదు దగ్గరే ఆగిపోతాయి. ముఖాన్ని చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లు కొందరి విషయంలో పొరబడుతున్నాయని ఎవరైనా అనగలరు. జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు 2018లో దాన్ని కొలిచి చూపించారు. నల్లని చర్మం గల స్త్రీల విషయంలో తప్పు 34.7 శాతం దాకా వెళ్లింది, తెల్లని చర్మం గల పురుషుల విషయంలో 0.8 శాతం దాటలేదు. కంపెనీలు కదిలింది ఆ అంకె చూశాకే. ఆ అంకె పుట్టాలంటే పరీక్షకు వాడే ఫొటోల గుంపును సరైన పాళ్లలో కూర్చడం, తప్పులను వర్గాలవారీగా విడదీసి లెక్కగట్టడం రావాలి.

ఈ దారిలో లోటు మొదట్లో చెప్పినదే. విలువల పాఠం గట్టు మీద కూర్చుని ఉంటుంది, నీళ్లలోకి దిగదు. చేరదలిస్తే ఐచ్ఛిక సబ్జెక్టులు మీ చేతిలో ఎన్ని ఉన్నాయో ముందే లెక్క చూసుకోండి. రెండు మూడైనా ఉంటే ఒకటి తర్కానికి, ఒకటి దీర్ఘమైన వ్యాసాలు రాయించే ఏ మానవీయ శాస్త్రానికైనా ఇవ్వండి. ‘ఎథిక్స్ ఆఫ్ ఏఐ’ లాంటి ఆకర్షణీయమైన పేరున్న కోర్సు కన్నా, ఒక్క పాత తత్వవేత్తను సెమిస్టర్ అంతా చదివించే కోర్సు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. టెక్నాలజీ ఉదాహరణలు మారిపోతాయి, వాదన కట్టడం వస్తే అది పోదు.

రెండో దారి: పాఠంలోనే కలిపేసిన నైతికత

హార్వర్డ్‌లో 2017లో బార్బరా గ్రాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, అలిసన్ సిమన్స్ అనే తత్వశాస్త్ర ఆచార్యురాలు కలిసి ఈ పద్ధతి మొదలుపెట్టారు. విడిగా నైతికత పేపర్ పెట్టడం కాకుండా, మామూలు కంప్యూటర్ సైన్స్ కోర్సుల్లోకే తత్వశాస్త్రం చదివినవాళ్లు వచ్చి, ఆ కోర్సు విషయంలోంచే పుట్టే ప్రశ్న మీద పాఠం చెబుతారు. తర్వాత ఇంకొన్ని విశ్వవిద్యాలయాలు కూడా ఇదే బాట పట్టాయి.

ఇది ఎలా ఉంటుందో డేటాబేస్ క్లాసుతో చూద్దాం. విద్యార్థుల పట్టిక తయారుచేయమన్నారు. మీరు ‘మొదటి పేరు’, ‘ఇంటిపేరు’ అని రెండు కాలమ్‌లు పెట్టి, రెండూ ఖాళీగా ఉండకూడదని నియమం రాశారు. టెస్టులన్నీ పాసయ్యాయి. కానీ లోకంలో ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న మనుషులు లక్షల్లో ఉన్నారు. వాళ్లు రెండో గడిలో చుక్క పెడతారు, లేదా అదే పేరు మళ్లీ రాస్తారు. రేపు గుర్తింపు పత్రంలోని పేరూ ఈ పేరూ కలవక ఇంకో కౌంటర్ దగ్గర నిలబడతారు. ఇది మీరు రాసిన ఒక్క లైను వల్ల జరిగింది. ఆ లైను రాసిన గంటలోనే ఈ చర్చ జరిగితే విద్యార్థి ఎన్నటికీ మరిచిపోడు. నాలుగేళ్ల తర్వాత వేరే గదిలో, వేరే టీచరు దగ్గర జరిగితే పరీక్ష దాకా గుర్తుంటుంది.

అందుకే, సమయమూ ఫీజూ పరిమితంగా ఉన్న విద్యార్థికి నేను మొదట సూచించేది ఈ దారినే. బలహీనత కూడా ఉంది. ఒక కోర్సులో ఒకటి రెండు క్లాసులు మాత్రమే కాబట్టి ప్రశ్నను గుర్తుపట్టడం వస్తుంది గానీ, దాన్ని చివరిదాకా తవ్వే ఓపిక రాదు.

మూడో దారి: రెండూ సగం సగం ఉన్న ఉమ్మడి డిగ్రీ

తవ్వే ఓపిక ఎందుకంటే, కొన్ని ప్రశ్నలు లెక్కతో మొదలై లెక్క దగ్గర ముగియవు. అమెరికా కోర్టుల్లో నిందితుడు మళ్లీ నేరం చేస్తాడా అని అంచనా కట్టే కంపాస్ అనే సాఫ్ట్‌వేర్ మీద 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ పరిశీలన ప్రచురించింది. తర్వాత ఏ నేరమూ చేయనివారిలో, ప్రమాదకారులన్న ముద్ర తెల్లవారి కన్నా నల్లవారికి దాదాపు రెట్టింపు పడిందని తేల్చింది. తయారుచేసిన సంస్థ తన లెక్క తాను చూపింది: ఒకే స్కోరు వచ్చిన తెల్లవారిలోనూ నల్లవారిలోనూ మళ్లీ నేరం చేసినవారి శాతం దాదాపు ఒకటే, కాబట్టి మాది న్యాయంగానే ఉందని. రెండు లెక్కలూ సరైనవే. రెండు వర్గాల్లో నేరం నమోదయ్యే రేటు వేరువేరుగా ఉన్నప్పుడు, అంచనా నూటికి నూరుపాళ్లూ నిజమైతే తప్ప, ఈ రెండు రకాల న్యాయాన్నీ ఒకేసారి సాధించలేమని పరిశోధకులు గణితపరంగా నిరూపించారు. మరి ఏ న్యాయాన్ని ఎంచుకోవాలి? అసలు మనిషి స్వేచ్ఛను స్కోరుతో తేల్చవచ్చా? ఆ నిరూపణను అర్థం చేసుకోవడమూ, అది ఆగిన చోట నుంచి మాట్లాడటమూ ఒకే మనిషికి రావాలంటే ఉమ్మడి డిగ్రీ లాంటిది కావాలి.

ఇలాంటివి నిజంగానే ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలిపిన సింబాలిక్ సిస్టమ్స్ 1980ల నుంచి నడుస్తోంది. జార్జియా టెక్‌లో కంప్యుటేషనల్ మీడియా డిగ్రీని కంప్యూటింగ్ వాళ్లూ సాహిత్యం వాళ్లూ కలిసి 2004లో ప్రారంభించారు. ఆక్స్‌ఫర్డ్ 2012 నుంచి కంప్యూటర్ సైన్స్, తత్వశాస్త్రం కలిపి చెబుతోంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రంతోనో, భాషాశాస్త్రంతోనో కంప్యూటర్ సైన్స్‌ను జతచేసుకునే వీలుంది.

జాగ్రత్త కూడా అవసరం. స్టాన్‌ఫర్డ్‌లోనే 2014లో ‘సీఎస్ ప్లస్ ఎక్స్’ పేరుతో సాహిత్యం, చరిత్ర లాంటి వాటిని కలిపిన ఉమ్మడి డిగ్రీలు ప్రయోగంగా మొదలయ్యాయి, కొన్నేళ్లకే ఆగిపోయాయి. కాబట్టి కొత్త ఉమ్మడి కోర్సు కనిపిస్తే, ఎన్ని బ్యాచ్‌లు బయటికొచ్చాయో అడగండి. ఇంకొకటి: రెండు డిపార్ట్‌మెంట్ల టీచర్లు కలిసి చెప్పే క్లాసు ఒక్కటైనా ఉందా? లేకపోతే అది ఉమ్మడి డిగ్రీ కాదు, రెండు సగం డిగ్రీల బరువు. ఉదయం కోడ్, సాయంత్రం తత్వశాస్త్రం, మధ్యలో వంతెన కట్టే పని అలసిపోయిన విద్యార్థిది. చదవడం, రాయడం మీద నిజమైన ప్రేమ ఉండి, గ్రేడ్లు కొంచెం తగ్గినా బెంగపడని వారికే ఈ దారి చెబుతాను. వాళ్లకైతే దీనికి మించింది లేదు.

నాలుగో దారి: లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్

ఇక్కడ మొదటి ఏడాదో రెండేళ్లో అన్ని రకాల సబ్జెక్టులూ చదివి, ఆ తర్వాత మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఎంచుకుంటారు. క్లాసులు చిన్నవి, టీచరు మీ పేరు పెట్టి పిలుస్తారు, రాసిన ప్రతి వ్యాసమూ దిద్దుళ్లతో తిరిగొస్తుంది. పద్దెనిమిదేళ్లకు ఏం కావాలో తేల్చుకోలేకపోతున్న పిల్లలకు ఇది పెద్ద ఊరట. మేజర్ మార్చుకుంటే ఏడాది పోతుందన్న భయం ఉండదు.

కాలిఫోర్నియాలోని హార్వే మడ్ కాలేజీలో సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థులందరూ మానవీయ, సామాజిక శాస్త్రాలు, కళలు తప్పనిసరిగా చదవాలి. నాకు ఇంకా నచ్చింది వేరే విషయం. 2006 ప్రాంతంలో వాళ్లు తమ తొలి ప్రోగ్రామింగ్ కోర్సును తిరగరాశారు. ముందే కోడింగ్ తెలిసినవాళ్లనూ, కొత్తవాళ్లనూ వేరే సెక్షన్లు చేశారు. లెక్కలు మాత్రమే చేయించకుండా సృజనాత్మకమైన సమస్యలు ఇచ్చారు. కంప్యూటర్ సైన్స్ మేజర్లలో అమ్మాయిలు 10 శాతం చుట్టుపక్కల నుంచి కొన్నేళ్లలోనే 40 శాతం దాకా పెరిగారు. విలువల గురించి ఉపన్యాసం ఇవ్వకుండా, క్లాసులో ఎవరు వెనక్కి తగ్గుతున్నారో గమనించి క్లాసునే మార్చారు. టెక్నాలజీలో మానవ విలువలంటే నాకు అర్థమైనది ఇదే.

లోటు: చిన్న కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ టీచర్లు కొద్దిమందే. కంపైలర్లు, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ లాంటి పై స్థాయి సబ్జెక్టులు ప్రతి ఏడూ ఉండకపోవచ్చు. గత రెండేళ్లలో నిజంగా నడిచిన సబ్జెక్టుల జాబితా తీసుకోండి. బ్రోచర్‌లో ఉన్నదీ నడిచిందీ ఒకటి కావు.

ఐదో దారి: ముందు మానవీయ శాస్త్రాలు, తర్వాత టెక్నాలజీ

గోప్యత మీద పరిశోధించే హెలెన్ నిస్సెన్‌బామ్ చదివింది తత్వశాస్త్రం, గణితం. గోప్యత అంటే సమాచారాన్ని దాచడమే అన్న అవగాహనను ఆమె మార్చేసింది. ఒకే సమాచారం డాక్టరుకు చేరితే సబబు, అదే మీ యజమానికి చేరితే అన్యాయం. ఏ సందర్భంలో ఇచ్చామో ఆ సందర్భపు మర్యాద తప్పినప్పుడే గోప్యతకు భంగం అని 2004లో వాదించింది. కోడ్ నుంచి మొదలుపెట్టిన మనిషికి ఈ ఆలోచన తట్టడం కష్టమని నాకు అనిపిస్తుంది.

వేరే డిగ్రీ చేసినవారి కోసమే నడిచే కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ కోర్సులు, ముఖ్యంగా బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో, చాలా ఉన్నాయి. ఒక్కటే షరతు: డిగ్రీలో ఉండగా గణాంకశాస్త్రం, డిస్క్రీట్ గణితం వదలకండి. ప్రోగ్రామింగ్ ఇరవై అయిదేళ్లకు మొదలుపెట్టినా వస్తుంది. లెక్కలకు నాలుగేళ్ల దూరం పెరిగితే తిరిగి దగ్గరవడం చాలామందికి కష్టమవుతోంది.

సొంతంగా చదువుకునే దారి గురించి రెండు ముక్కలు. పుస్తకాలు, ఉచిత పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. కంప్యూటింగ్ నిపుణుల సంఘమైన ఏసీఎం 2018లో సవరించిన నైతిక నియమావళిని ఎవరైనా ఒక్క సాయంత్రంలో చదివేయవచ్చు. కానీ విలువల చదువులో సగం, ఎదుటివాళ్లు మన వాదనను పగలగొట్టడంలో ఉంది. అందుకని ఒంటరిగా చదవకండి, నలుగురైనా కలిసి కూర్చోండి.

ఎవరికి ఏది

యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే నిద్రపట్టని మనిషైతే మొదటి దారి, అదే కాలేజీల్లో రెండో పద్ధతి దొరికితే అది. పుస్తకం, కోడ్ రెండింటిలో ఏది వదులుకోమన్నా బాధపడే మనిషికి మూడోది. ఇంకా తేల్చుకోనివారికి నాలుగోది. ఇప్పటికే సాహిత్యంలోనో, చరిత్రలోనో, చట్టంలోనో ఉన్నవారు ఉన్నచోటు వదిలేసి మొదటికి రావద్దు, ఐదో దారి మీ ముందే ఉంది.

‘ఇప్పుడు కోడ్ ఏఐ రాసేస్తోంది కదా, ఇక మానవీయ శాస్త్రాలే చాలు’ అని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. అది రాసిన కోడ్‌లో ఆ ఎనిమిది సెకన్ల లొసుగు ఉంటే పట్టుకోవాల్సింది మనిషే. పట్టుకోవడానికి కోడ్ రావాలి, వెతకాలని అనిపించడానికి మనుషుల మీద ధ్యాస ఉండాలి.

చేరేముందు రెండు పనులు చేయండి. ఆ కాలేజీలో చదివే విద్యార్థిని కలిసి, తిరిగొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు ఒకటి చూపించమనండి. అందులో టీచరు రాసిన వ్యాఖ్యలు చదవండి. ‘వేగం పెంచు’, ‘మెమరీ తగ్గించు’ అన్నవాటి పక్కన ‘ఈ డేటా ఎవరిది, వాళ్లను అడిగావా’ అన్న మాట ఒక్కసారైనా ఉందా చూడండి. వీలైతే ఒక మామూలు ప్రోగ్రామింగ్ క్లాసులో వెనక బెంచీలో కూర్చోండి. ఎవరో ఒక విద్యార్థి ‘సార్, దీన్ని తప్పుగా వాడితే?’ అని అడుగుతాడు. టీచరు చాక్‌పీసు పక్కన పెట్టి అతని వైపు తిరుగుతారా, బోర్డు వైపే ఉండి తర్వాతి లైను రాస్తారా గమనించండి.